కుక్కను దించనన్న మంచుకోన దొర

మంచుకోనలో తెల్లవారటమంటే సూర్యుడు కనబడటం కాదు, నల్లటి మంచు తెల్లబడటం. ఆ తెల్లదనంలో కొండలు పాలలో నానిన అటుకుల్లా మెత్తబడి, అంచులు పోగొట్టుకుని, ఎక్కడ కొండ ఆగిందో ఎక్కడ ఆకాశం మొదలైందో తెలియనివ్వవు. మేకలు గాలిలో నడుస్తున్నట్టుంటాయి. మనుషులు ముందు మాటగా వినిపించి, తరవాత మనుషులుగా కనిపిస్తారు. అందుకే అక్కడి కాపరులు మెడలో కొమ్ముబూర లేకుండా గడప దాటరు. ఒకడు ఊదితే పక్క కొండవాడు బదులు ఊదాలి. బదులు రాలేదంటే వాడు లోయలో పడ్డాడని అర్థం.

ఇంత చిన్న సంగతి మేఘావతి మహారాజు వసుకేతుకు ఎక్కలేదు. పాపం, ఆయనకు నిద్ర పట్టదు. వైద్యులు గసగసాలు నూరి తాగించారు, అరికాళ్ళకు చందనం రాశారు, నెమలి ఈకలతో విసిరారు. అరికాళ్ళు నున్నబడ్డాయి గాని నిద్ర రాలేదు. చివరికి ధూమ్రకుడనే మాంత్రికుడు వచ్చి, రాజ్యంలో చప్పుడున్నంత కాలం ప్రభువులకు నిద్ర లేదని తేల్చాడు. మర్నాడే శాసనం వెలువడింది. గంట మోగరాదు, గజ్జె ఘల్లుమనరాదు, కోడి కూయరాదు, కొమ్ము ఊదరాదు. కోళ్ళకు ఆ శాసనాన్ని ఎవరు చదివి వినిపించారో తెలియదు.

మంచుకోన దొర శరభాంకుడు దాన్ని శ్రద్ధగా చదివి, మడిచి, మేకకు పెట్టాడు.

అతడు మహారాజుకు సామంతుడే కాదు, సవతి కొడుకు కూడా. అతని తండ్రి పోయాక తల్లి మలయవతిని వసుకేతు పట్టమహిషిని చేసుకున్నాడు. అందువల్ల రాజుకూ సామంతుడికీ మధ్య మామూలుగా ఉండే తగాదాలతోపాటు, ఇళ్ళలో మామూలుగా ఉండే తగాదాలు కూడా వాళ్ళిద్దరికీ సమకూడాయి. ఏది ఏ తగాదాయో విడదీయటం మంత్రుల వల్ల కాక ఊరుకున్నారు.

సైన్యం వచ్చింది. మంచులో దారి తప్పి, తన డేరాలనే ముట్టడించి, వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. ఈసారి పోతూ పోతూ కేసరుణ్ణి పట్టుకుపోయింది. శరభాంకుడూ కేసరుడూ ఒకే దాది పాలు తాగి పెరిగినవాళ్ళు. తనవాళ్ళందరూ లోయ దాటే వరకు కేసరుడు ఒక బండ మీద నిలబడి కొమ్ము ఊదుతూ దారి చూపించాడు. అందరూ దాటారు. ఊదినవాడు దొరికాడు.

ఆ మర్నాటి ఉదయం శరభాంకుడు సరిహద్దు రాతి దగ్గర కత్తి నూరుకుంటూ ఉండగా, చల్లకుండ నెత్తిన పెట్టుకుని ఒక ఆడమనిషి మంచులోంచి వచ్చింది.

అతడు తలెత్తి ఒక్క చూపు చూసి, కత్తి పక్కన పెట్టాడు.

"చల్లమ్మేవాళ్ళు కుండ అలా పెట్టుకోరమ్మా. కిరీటంలా ఉంది."

"నాకు అలవాటైంది అదొక్కటేగా నాయనా," అంది మలయవతి, కుండ దించి రాతి మీద కూర్చుంటూ. "అయినా దారిలో ఇద్దరు చల్ల పోయించుకు తాగారు. బాగుందన్నారు కూడా. కోటలో నా చేతి వంటకు ఆ మాట అన్నవాళ్ళు లేరు."

"కేసరుడు?"

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "తామర చెరలో పడుకోబెట్టారు. ఇవాళ ఎండ నడినెత్తికి వచ్చేసరికి కొంగైపోతాడు."

"కొంగా?"

"అక్కడ పడుకున్నవాళ్ళందరికీ అదే గతి. ముందు పేరు మరిచిపోతారు, తరవాత మెడ సాగుతుంది. ఆ చెరువులో ఉన్న కొంగల్లో సగం పాత మంత్రులే. మొన్న నేను గట్టున పోతుంటే ఒకటి రెక్కలు ముడుచుకుని పక్కకు తప్పుకుంది. వెనకటి దండనాయకుడే అయి ఉంటాడు, ఆయనకు మర్యాద ఎక్కువ."

శరభాంకుడు లేచాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకు కూర్చోబెట్టింది.

"కత్తి తీసుకుపోతే వాకిట్లోనే చంపుతారు. నా మాట విను. శునకవాహనం ఒప్పుకో."

అతని మెడ నరాలు ఉబ్బాయి. మేఘావతిలో అంతకన్న పెద్ద అవమానం లేదు. ఎదురుతిరిగిన సామంతుడు లొంగిపోదలిస్తే, నిరాయుధుడై, వట్టి కాళ్ళతో, రాజుగారి వేటకుక్కను భుజాల మీద మోసుకుంటూ సరిహద్దు నుంచి సింహాసనం దాకా నడవాలి. కుక్కను సింహాసనం ముందు దించితే తప్పు మాఫీ. వెనకటికి ఒక దొర ఆ పని చేసి, తరవాత జీవితాంతం ఎవరింటికీ భోజనానికి పోలేదు.

"నేనా? కుక్కనా?"

"మొండితనం మీ నాన్నది. మెడ నాది. ఆ మెడ ఏళ్ళ తరబడి కిరీటం మోసింది, ఒక్క పూట కుక్కను మోయలేదా? నువ్వు తలవంచితే ఆయన మెత్తబడతాడు. కేసరుణ్ణి అడిగి విడిపించుకుందాం."

శరభాంకుడు కత్తిని రాతి మీదే వదిలేశాడు. తరవాత చెప్పులు విప్పాడు.

సరిహద్దు రాతికి అవతల, సామంతుడు ఎదురుతిరిగినప్పుడల్లా ఉండే ఆనవాయితీ ప్రకారం, రాజుగారి మనుషులు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. కుక్క కూడా ఉంది. దాని పేరు సుకుమారుడు. దూడంత ఉంటుంది. చెవులు నేల మీద జీరాడతాయి, దవడల నుంచి చొంగ తీగలా సాగుతుంది. పుట్టి బుద్ధెరిగాక అది మొరగలేదు. మొరిగితే ఆ పూట మాంసం ఉండదని దానికి చిన్నప్పుడే నేర్పారు.

ధర్మాధికారి తర్కభట్టు గొంతు సవరించుకోబోయి, శాసనం గుర్తొచ్చి మానుకుని, మెల్లగా చదివాడు. "శునకం భుజమెక్కినది మొదలు, సింహాసనం ముందు దిగే వరకు, మోసేవాడు రాజరక్షణలో ఉన్నవాడు. అతణ్ణి తాకరాదు, అడ్డగించరాదు, అతని మీద ఆయుధం వేయరాదు. దారిలో శునకాన్ని నేలకు దించిన క్షణాన రక్షణ పోతుంది."

నలుగురు భటులు సుకుమారుణ్ణి ఎత్తి శరభాంకుడి భుజాల మీద వేశారు. అది ఒకసారి అతని చెవి వాసన చూసి, నచ్చినట్టుంది, అక్కడే గడ్డం ఆనించి పడుకుంది.

మంచు దిగిపోయి మేఘావతి నగరం ఎదురైంది.

అది నిద్రలో కట్టిన నగరంలా ఉంటుంది. పాలరాతి మేడల మీద పావురాలు ఎగురుతాయి గాని రెక్కల చప్పుడుండదు, రెక్కలకు మైనం రాశారు. గుడిగంటల నాలుకలకు దూది చుట్టారు. వీధుల్లో ఇసుక, ఇసుక మీద గులాబిరేకులు, రేకుల మీద రథాలు, చక్రాలకు పట్టుగుడ్డ. జలయంత్రాల నీళ్ళు కూడా చప్పుడు కాకుండా దారాల వెంట జారతాయి. అంగళ్ళలో బేరాలు కనుబొమలతో నడుస్తాయి. పిల్లలు నోరు మూసుకుని నవ్వటం వల్ల అందరికీ బుగ్గలు పెద్దవి. కోడిపుంజుల మెడలకు పట్టు కండువాలు చుట్టి ఉన్నాయి, వాటి ముఖాలు చూస్తే ఏదో పెళ్ళికి పిలిచి అన్నం పెట్టనట్టున్నాయి.

ఆ మౌనంలో శరభాంకుడు నడిచాడు. జనం రెండు పక్కలా నిలబడి చప్పుడు లేకుండా ఎగతాళి చేశారు. ఒకావిడ మేడ మీద నుంచి కుక్కకు అప్పడం విసిరింది. మలయవతి చల్లకుండతో జనంలో కలిసి వెనకే నడిచింది.

సభలో వసుకేతు సింహాసనం మీద ఉన్నాడు. కళ్ళు కుంకుమ బరిణెల్లా ఎర్రగా ఉన్నాయి. పక్కనే ధూమ్రకుడు పీట మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటున్నాడు. ఇతరులను కొంగలను చేయగలిగినవాడికి తన మోకాళ్ళు మాత్రం స్వాధీనంలో లేవు.

"వచ్చావా అబ్బాయ్," అన్నాడు రాజు. ఆ గొంతులో గెలిచిన సంతోషం లేదు, అలసట ఉంది. "దించు."

శరభాంకుడు సింహాసనం మెట్టు దగ్గర ఆగాడు. "దించుతాను ప్రభూ. కేసరుణ్ణి విడిచిపెడతారుగా?"

రాజు మాంత్రికుడి వైపు చూశాడు. ధూమ్రకుడు మోకాలు వదలకుండానే అన్నాడు, "దొరగారూ, క్షమాభిక్ష మోసినవాడికి. వాడు ఏమి మోశాడు గనక? కొమ్మేగా."

"ఊదినవాణ్ణి వదిలితే రేపు ఊరంతా ఊదుతుంది," అన్నాడు రాజు. "వాడి మాట వదిలెయ్. నిన్ను క్షమించాను. దించి ఇంటికి రా. ఇంట్లోనైనా నన్ను నాన్నా అని పిలవవచ్చు."

కిటికీలోంచి పడిన ఎండ నేల మీద పొట్టిదైపోతోంది. శరభాంకుడు కుక్క కాళ్ళు వదలటానికి వంగాడు. వంగినవాడు అలాగే ఆగి, ధర్మాధికారి వైపు తల తిప్పాడు.

"భట్టుగారూ, నేను దించకపోతే?"

"దించకపోవటం ఏమిటి నాయనా?"

"ఊరికే అడుగుతున్నాను. దించే వరకు నన్ను ఎవరూ తాకకూడదు. అడ్డగించకూడదు. అంతేగా?"

తర్కభట్టు శాసనాన్ని మళ్ళీ విప్పి చూశాడు. "అంతే. కాని దించకుండా ఉన్నవాడు ఇంతవరకూ లేడు. ఎవరైనా తొందరగా దించాలనే చూస్తారు. ఎప్పుడు దించాలో శాసనం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం వస్తుందని ఎవరనుకున్నారు."

శరభాంకుడు నిటారుగా లేచాడు. కుక్కను భుజాల మీద సర్దుకున్నాడు. "అయితే ఇప్పుడు దించను. కాస్త పని చూసుకుని వస్తాను," అని వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టాడు.

సభ అంతా లేచి నిలబడింది. చప్పుడు లేకుండా గగ్గోలు ఎలా పుట్టించాలో ఆ సభకు తెలుసు, అలాగే పుట్టింది. భటులు ఈటెలు అడ్డం పెట్టబోయారు. తర్కభట్టు చేతులు ఊపాడు. ఈటెలు లేచాయి. తలుపులు మూయబోయారు. తలుపు మూయటం అడ్డగించటమే అన్నాడు తర్కభట్టు. తలుపులు తెరుచుకున్నాయి. మలయవతి కుండలో చెయ్యి పెట్టి ఒక పుడిసెడు చల్ల తానే తాగింది. ఆవిడకు సంతోషం వచ్చినప్పుడు దాహం వేస్తుంది.

శరభాంకుడు ముందు. వెనక భటులు, సేనాపతి, మాంత్రికుడు, ధర్మాధికారి, ఊళ్ళోవాళ్ళు. పెళ్ళి ఊరేగింపులా అందరూ తామర చెర దాకా నడిచారు. గట్టు దగ్గర అందరూ ఆగిపోయారు. అక్కడి గాలి పీల్చినవాడు పడుకుంటాడు.

ఆ చెరువు నిండా తామరలు. పసుపూ ఎరుపూ కాని, రెండూ కలలో కలిసినట్టున్న రంగు. ఒక్కొక్క ఆకూ మంచమంత. పుప్పొడి పొగలా లేచి నీటి మీద మెల్లగా తిరుగుతుంటుంది, దాని నీడలు నీటి అడుగున చేపలై ఈదుతుంటాయి. ఆకుల మీద కాలు పెడితే ఆకు కిందికి దిగి, కాలిని ముద్దుపెట్టుకుని, పైకి లేస్తుంది. శరభాంకుడు రెండు ఆకులు దాటేసరికి చిన్నప్పుడు దాది పాడిన జోల వినిపించింది. ఇంకో ఆకు దాటేసరికి ఎందుకొచ్చాడో మరుపున పడింది. కాళ్ళు తీపిగా బరువెక్కాయి.

అప్పుడు సుకుమారుడు తల తిప్పి అతని ముఖం మీద ఊపిరి వదిలింది.

స్నానం చేయిస్తే అరుస్తుందేమోనన్న భయంతో రాజుగారి కుక్కకు ఏళ్ళ తరబడి స్నానం లేదు. పళ్ళు తోమే ఆలోచన ఎవరికీ రాలేదు. ఆ ఊపిరికి శరభాంకుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నిద్ర దిగిపోయింది. తామర సుగంధం వచ్చినప్పుడల్లా కుక్క మెడలో ముక్కు దూర్చి, గట్టిగా పీల్చి, దగ్గి, ముందుకు నడిచాడు.

చెరువు నడుమ ఒక ఆకు మీద కేసరుడు నిలబడి నిద్రపోతున్నాడు. ఒంటికాలి మీద. మెడ అప్పటికే మూరెడు సాగింది. భుజాల మీద తెల్లటి నూగు.

"కేసరా," అన్నాడు శరభాంకుడు.

మాట దూదిపింజలా ఆకు మీద పడింది. కేసరుడి రెప్ప కొంచెం లేచి వాలింది.

"ఒరేయ్ కేసరా. నేనురా, శరభాన్ని. మన దాది నాగసాని పేరు చెప్పు. నీ పేరు చెప్పు."

"పేరా," అన్నాడు కేసరుడు నిద్రలో. "చేప."

ఎండ తామరల నడుమకు వచ్చింది. నీడ పాదాల కిందికి ముడుచుకుంటోంది. కేసరుడి ముక్కు సన్నగా, పొడుగ్గా మొనదేలటం మొదలైంది. శరభాంకుడు అతణ్ణి కుదుపుదామంటే రెండు చేతుల్లో నాలుగు కుక్కకాళ్ళు ఉన్నాయి. తలతో పొడిచాడు. కేసరుడు ఊగి, మళ్ళీ ఒంటికాలి మీద నిలబడ్డాడు.

ఆ కదలికకు సుకుమారుడు కళ్ళు తెరిచింది. ఎదురుగా మనిషంత కొంగ. అది వేటకుక్క. మాంసం, మౌనం, శాసనం, అన్నీ మరిచిపోయింది.

మొరిగింది.

మేఘావతిలో అంత చప్పుడు ఏళ్ళ తరబడి పుట్టలేదు. నీళ్ళు ఉలిక్కిపడి అలలై లేచాయి, పుప్పొడి చెదిరిపోయింది, తామరలు ముడుచుకున్నాయి. నగరంలో ఒక పుంజు కండువా తెంచుకుని బదులు కూసింది. చెరువు నిండా కొంగలు రెక్కలు దులిపి, దులిపినవి దులిపినట్టే ముసలి మంత్రులై, మోకాళ్ళలోతు నీళ్ళలో తలపాగాల కోసం తడుముకున్నారు. ఒకరిద్దరు మాత్రం లోకాన్ని ఒకసారి కలయజూసి, మళ్ళీ చేపల వైపే తిరిగారు.

"నన్ను చూసి ఎవర్రా మొరిగేది," అన్నాడు కేసరుడు కళ్ళు నులుముకుంటూ. ముక్కు వెనక్కి పోయింది. మెడ మాత్రం కొంచెం పొడుగ్గానే మిగిలింది. "అన్నా, నీ మెడ మీద అదేమిటి?"

"తరవాత చెబుతాను. తోక పట్టుకో."

"దేని తోక?"

గట్టు మీద ధూమ్రకుడు బెత్తం ఎత్తాడు. "మోసేవాణ్ణి తాకరాదు. వాడి పక్కవాణ్ణి తాకరాదని లేదు," అన్నాడు. బెత్తం కొసన నీలి మంట ముడి వేసుకుంటోంది.

కేసరుడు ఇంకేమీ అడక్కుండా రెండు చేతులా కుక్క తోక పట్టుకున్నాడు.

అందరూ తర్కభట్టు వైపు చూశారు. ఆయన తల గోక్కున్నాడు. "తోక శునకంలో భాగమే. దాన్ని పట్టుకున్నవాణ్ణి కొడితే రాజుగారి శునకానికి తగులుతుంది. కూడదు."

"తమరు ఎవరి పక్షం భట్టుగారూ?" అన్నాడు ధూమ్రకుడు.

"నా దగ్గర ఒకటే పక్షం ఉంది. దానికి తోక కూడా ఉంది. ఏం చెయ్యను."

అలా ముగ్గురూ తూరుపు గట్టెక్కారు. అక్కడ తూగుటేరు ప్రవహిస్తుంది. అది మేఘావతికి చివరి హద్దు, దాన్ని దాటితే రాజుగారి శాసనం చెల్లదు. అవతల ఏ రాజ్యం ఉందో చూసినవాళ్ళు లేరు, అంతా వెన్నెల గడ్డకట్టినట్టు మంచు. ఏటి మీద ఒక కర్రవంతెన ఉంది. ధూమ్రకుడు బెత్తం తిప్పాడు. వంతెన పొగై, కొంతసేపు వంతెన ఆకారంలోనే గాలిలో నిలబడి, చెదిరిపోయింది.

"మాయ చేసి అడ్డగిస్తున్నాడు," అన్నాడు కేసరుడు.

"వంతెనను మాయం చేశాను. ఏటిని కాదు. దారి ఉంది, నడవమనండి," అన్నాడు ధూమ్రకుడు. తర్కభట్టు ఒప్పుకోక తప్పలేదు.

వెనక చక్రాల చప్పుడు. చప్పుడే. పట్టుగుడ్డలు చుట్టే ఓపిక ఇక ఎవరికీ లేదు. వసుకేతు వచ్చాడు. వెంట సింహాసనాన్ని బండి మీద వేయించుకు తెచ్చాడు. ఇసుకలో దాన్ని దింపించి, ఒక పక్కకు ఒరిగితే కాలి కింద రాయి పెట్టించి, కూర్చున్నాడు.

"అబ్బాయ్. సింహాసనం ఇదిగో. దాని ముందు దించు."

శరభాంకుడి భుజాలు మొద్దుబారాయి. కుక్క చొంగ వీపు దాకా కారింది. అయినా తిరిగి నిలబడ్డాడు. "ప్రభూ, కొండల మీద కొమ్ములు ఊదనివ్వండి. కేసరుణ్ణి వదిలెయ్యండి. ఈ క్షణం దించుతాను. కావాలంటే రేపు మళ్ళీ మోస్తాను."

"నాకు నిద్ర లేదురా," అన్నాడు వసుకేతు. రాజు అన్నట్టు లేదు, పొరుగింటి పెద్దాయన అన్నట్టుంది.

"మావాళ్ళకు లోయ అంచు తెలియటం లేదు ప్రభూ. నిరుటి మంచులో బదులు రానివాళ్ళు ఎందరో తమకు ఎవరూ చెప్పలేదు."

రాజు నోరు విప్పబోయాడు. ధూమ్రకుడు వంగి చెవిలో ఏదో అన్నాడు. రాజు నోరు మూసుకున్నాడు.

శరభాంకుడు ఏట్లో దిగాడు. నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి, నడుముకు వచ్చాయి, గుండెకు వచ్చాయి. వెనక కేసరుడు తోక పట్టుకుని ఈదుతున్నాడు, పొడుగు మెడ నీటి పైన హాయిగా ఉంది. గట్టు మీద విలుకాళ్ళు వరసగా నిలబడి బాణాలు సంధించారు. నీళ్ళు గడ్డానికి వచ్చాయి. అప్పుడు శరభాంకుడి మెడ హఠాత్తుగా తేలికైంది. సుకుమారుడు భుజాల మీద లేదు. పక్కనే ఈదుతోంది.

"దిగింది," అని అరిచాడు ధూమ్రకుడు. "కొట్టండి."

"ఆగండి," అన్నాడు తర్కభట్టు. "నేలకు దించితే అని ఉంది. నీళ్ళు నేల కాదు. పైగా అతడు దించలేదు. అదే దిగింది. ఆలోచించాలి." ఆయన అక్కడే ఇసుకలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

బాణాలు అల్లెతాళ్ళ మీదే ఆగాయి. ఏరు మెల్లగా తూగుతోంది. ముగ్గురూ మంచు అంచుకు చేరువవుతున్నారు. ఆయన ఇంకొంచెంసేపు ఆలోచిస్తే చాలు.

మంచు అంచుకు కాస్త ఇవతల, అరచేతిలోతు నీటి కింద, ఎవరికీ కనబడని ఇసుకదిబ్బ ఒకటి ఉంది. సుకుమారుడి కాళ్ళు దానికి తగిలాయి. అది హాయిగా నాలుగు కాళ్ళ మీద లేచి నిలబడి, చెవులతో సహా ఒళ్ళంతా విదిలించింది. ఆ తుంపరలు గట్టు దాకా మెరిశాయి.

ఇక ధర్మాధికారి తీర్పుతో పని లేదు. గట్టు మీద ప్రతివాడూ చూశాడు. అది నేలే.

శరభాంకుడు దిబ్బ మీదికి ఎక్కాడు. కేసరుడి చేతుల్లోంచి తోక విడిపించి, అతణ్ణి రెండు చేతులా మంచులోకి తోశాడు. "పో. వెనక్కి చూడకు." కేసరుడు ఏదో అంటూనే తెల్లదనంలో మునిగిపోయాడు. మాట కొంతసేపు వినిపించి ఆగిపోయింది.

అప్పుడు శరభాంకుడు, కేసరుడు దూరం పోయే దాకా బాణాలు తన మీదికే రావాలని, విలుకాళ్ళ వైపు తిరిగి, ఖాళీ చేతులు కిందికి వదిలి నిలబడ్డాడు.

వసుకేతు సింహాసనం మీంచి లేచి చెయ్యి పైకెత్తాడు. ఆ చెయ్యి వాలితే బాణాలు వెళతాయి. గట్టు మీద చల్లకుండ ఒకటి పగిలింది. ఎవరూ అటు చూడలేదు.

సుకుమారుడు ఒకసారి గట్టు వైపు, తనకు ఇన్నేళ్ళు మాంసం పెట్టిన చేతి వైపు చూసింది. తరవాత నడిచి వచ్చి, శరభాంకుడి ముందు అడ్డంగా నిలబడి, రాజు వైపు తిరిగి మొరిగింది.

రాజు చెయ్యి ఇంకా పైనే ఉంది. అది వాలితే మొదటి బాణం సుకుమారుడికే తగులుతుంది.